పెదనాన్న బట్వాడా

మా అపార్ట్‌మెంటు పక్క స్థలంలో ఎవరిదో ఇల్లు లేస్తోంది. నిన్న సాయంత్రం ఓ కుర్రాడు కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ మీద పైపు పెట్టి నీళ్లు కొడుతున్నాడు. పొద్దంతా ఎండకి కాగిన సిమెంటు గోడ మీద మొదటి నీళ్లు పడగానే ఓ వాసన లేస్తుంది. ముక్కులో కాస్త ఘాటుగా, గొంతులో కాస్త సున్నంగా ఉంటుంది, రెండు నిమిషాల్లో పోతుంది. బాల్కనీలో నిలబడి "పైనుంచి కొట్టరా, కిందకి అదే దిగుతుంది" అని అరవబోయి ఆగాను. అది నా మాట కాదు, మా పెదనాన్నది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. వచ్చే నెల సంవత్సరీకానికి అందరం రాజమండ్రి వెళ్లాలి.

పెదనాన్న కాంట్రాక్టరు. ఇప్పుడు కాంట్రాక్టరంటే తెల్లచొక్కా, పెద్ద కారు, పక్కన ఎవరో నాయకుడు గుర్తొస్తారు గానీ ఈయనది మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, జేబులో మడత స్కేలు, చెవి వెనక పెన్సిలు, ఓ పాత రాజ్‌దూత్ బండి. ఆ బండి చప్పుడు వీధి మలుపులో వినపడగానే మా ఇంట్లో రేడియో గొంతు తగ్గేది, బాబాయి సిగరెట్టు ఆరిపోయేది, పిల్లలం ఏదో ఒక పుస్తకం తెరిచేవాళ్లం. ఏ పుస్తకమన్నది ఆయనకి అనవసరం. నేను ఏ క్లాసు చదువుతున్నానో ఆయనకి ఏనాడూ సరిగ్గా తెలియదు. ఎనిమిదిలో ఉన్నప్పుడు ఎవరో అడిగితే "ఆరో ఏడో" అన్నాడు, నా ముందే. అదే మనిషికి సైట్లో ఇటుకలు మోసే ఆవిడ రెండో కూతురికి ఎన్నో నెలో తెలుసు, రాడ్లు వంచే అతని కొడుక్కి టెంత్‌లో ఏ సబ్జెక్టు పోయిందో తెలుసు. ఇంట్లో పిల్లలందరికీ ఈ ఒక్క విషయంలో ఆయన మీద గుర్రుగా ఉండేది. నాకు ఇప్పటికీ కాస్త ఉంది.

శనివారం సాయంత్రం బట్వాడా, అంటే వారం కూలి పంపకం, మా ఇంటి అరుగు మీదే జరిగేది. నాలుగింటికల్లా పెద్దమ్మ అరుగు కడిగించేది. చెక్క బల్ల, దాని మీద హాజరు వేసే మస్తరు పుస్తకం, ఇంకు ప్యాడు, గుడ్డసంచీలో డబ్బు. నాన్న పక్కన కూర్చుని నోట్లు విడదీసేవాడు. ఎక్కువగా చిన్న నోట్లే, కూలి డబ్బుల్లో పెద్ద నోటుంటే నలుగురు కలిసి చిల్లర కోసం దుకాణాల చుట్టూ తిరగాలని బ్యాంకు నుంచే చిల్లరగా తెచ్చేవాడు. కొత్త నోట్ల కట్ట వస్తే దాన్ని ఓసారి వాసన చూసే హక్కు నాకుండేది.

మేస్త్రీలు ముందు, తర్వాత మగకూలీలు, తర్వాత ఆడకూలీలు అని మొదట్లో ఓ వరస ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి చంటిపిల్లల తల్లులు ముందు, మిగతావాళ్లు ఎలా వస్తే అలా. పెదనాన్న పుస్తకం చూడకుండానే పేరు పిలిచేవాడు. "అయిదున్నర" అంటే అయిదు రోజులూ ఓ పూటా అని. నాగా పెడితే ఆ నాగాకి కారణం కూడా ఆయనకి తెలిసేది. "గురువారం రాలేదేం?" అని అడిగేవాడు కాదు, "పిల్లాడికి జ్వరం తగ్గిందా?" అని అడిగేవాడు, అడుగుతూనే ఆ రోజు కూలి కోసేవాడు. జాలి జాలే, లెక్క లెక్కే. ఆసుపత్రి ఖర్చుకి అడ్వాన్సు అడిగితే మాత్రం మారుమాట్లాడకుండా ఇచ్చేవాడు, ఇచ్చింది పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాయించేవాడు, వారం వారం కొంచెం కొంచెంగా పట్టుకునేవాడు. ఎర్రగీతలు పూర్తిగా తీరిన మనిషిని నేనైతే చూడలేదు. ఆయనా వాటి కోసం ఎవర్నీ తరమలేదు.

పేర్లు అలా గుర్తుండటం ఆయనకి సాగర్‌లో అబ్బింది. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాక, ఆ తర్వాతి ఏళ్లలో ఎప్పుడో, మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో మా ఊరి మేస్త్రీ ఒకాయన వెంట అక్కడికి పోయి మస్తర్లు రాసే పనిలో చేరాడు. సాగర్ కబుర్లు చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. నదికి అడ్డంగా ఉన్న అసలు డ్యామునంతా రాయి మీద రాయి పేర్చి కట్టారు, ప్రపంచంలో రాతితో కట్టిన డ్యాముల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. అప్పట్లో మన దగ్గర యంత్రాలకి కరువు గానీ మనుషులకి కాదు. పాలమూరు నుంచి ఊళ్లకి ఊళ్లే వచ్చి గుడిసెలు వేసుకున్నాయి, రాయి కొట్టే వడ్డెరవాళ్లు పెళ్లాం బిడ్డలతో సహా వచ్చారు. "ఒకే పేరున్నవాళ్లు ఓ ముఠాలో నలుగురుండేవారురా. నేను ఒకడి బదులు ఇంకోడికి మస్తరు వేశాననుకో, ఆ రోజు వాడి పొయ్యి వెలగదు. అందుకని తండ్రి పేరు, ఊరి పేరు, పెళ్లాం పేరు, చేతి మీద పచ్చబొట్టు, అన్నీ పట్టుకునేవాణ్ని." 1967లో కాలవలకి నీళ్లు వదిలేనాటికి ఆయన ఇంటికొచ్చేశాడు, చేతిలో కాస్త డబ్బు, కొంచెం తమిళం, బీడీ అలవాటు ఉన్నాయి. బీడీ పెద్దమ్మ మాన్పించింది. తమిళం మాత్రం కోపం వచ్చినప్పుడు బయటికొచ్చేది.

బట్వాడా కూలీలతో అయిపోయేది కాదు, అసలు సంగతి అది. అందరూ వెళ్లాక బల్ల దగ్గరికి పెద్దమ్మ వచ్చేది. వారం ఇంటిఖర్చు ఆవిడకీ అక్కడే, ఆ పుస్తకంలోనే వేరే పేజీ. "కిందటి వారం నూనె రెండుసార్లు ఎందుకొచ్చింది?" పెద్దమ్మ గుమ్మానికి ఆనుకుని జవాబు చెప్పేది. తర్వాత అమ్మ, తర్వాత పిన్ని. తర్వాత మేం, పెన్సిళ్లకీ ఫీజులకీ. చదువుకున్న పిన్నికి ఇది మరీ మంటగా ఉండేది. "మనం కూడా వేలిముద్ర వేయాలేమో అక్కా" అనేది వంటింట్లో. ఆయనకి మాత్రం ఇందులో చిన్నతనం ఏముందో ఎప్పుడూ అర్థం కాలేదు. మనుషుల్ని చూసుకోవడానికి ఆయనకి తెలిసిన పద్ధతి అదొక్కటే.

సున్నం గానుగ మా పెరట్లో ఉండేది. గుండ్రంగా తవ్విన రాతి కాలవ, అందులో దొర్లే రాతి చక్రం, దాన్ని లాగే ఓ ముసలి దున్నపోతు. సున్నం, ఇసుక అందులో వేసి నీళ్లు పోస్తూ తిప్పుతుంటే రాయి రాయికి రాసుకుని అదో కీచుమనే గుడుగుడు, మధ్యాహ్నం నిద్రకి జోలపాట అదే మాకు. కాడి మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టేవాడు గానుగ తిప్పే తాత. మాకు అది రంగులరాట్నం, ఆయనకి కాస్త బరువు. మిద్దె మీద ఆఖరి పూత కోసమైతే కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. బెల్లం తెచ్చిన రోజు ఆ తాత మా చేతుల్లో తలో ముక్క పెట్టి, కోమట్ల కొట్టు వైపు చూసి, "తూకం తక్కువ ఇచ్చాడని చెప్తాలే" అనేవాడు.

సిమెంటుకి అప్పట్లో పర్మిట్లు. ఇవాళ ఫోన్ చేస్తే గంటలో లారీ వస్తుంది గనక ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ధర ప్రభుత్వానిది, పంపకం ప్రభుత్వానిది. ఎన్ని బస్తాలు కావాలో దరఖాస్తు పెట్టుకుని, ఆఫీసు చుట్టూ తిరిగి, సగం సాంక్షనైతే సంతోషించాలి. బ్లాకులో దొరికేది, పెదనాన్న ఎప్పుడూ కొనలేదని మా అన్నయ్యలు చెబుతారు గానీ నేను ప్రమాణం చేయను, స్లాబు సగంలో ఉన్న మనిషికి ఎన్ని తిప్పలో. 1982లో కంట్రోలు కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. ఆ లోపల మాత్రం మా ముందుగదిలో మనుషులకంటే సిమెంటుకే మర్యాద ఎక్కువ. నేల మీద చెక్కలు, గోడకి జానెడు ఎడం, తలుపులు మూసి, వానాకాలమైతే పైన పరదా. చుట్టాలొస్తే వరండాలో పడుకునేవారు. అప్పుడు బస్తాలు గోనెవి. సిమెంటు వాడేశాక ఖాళీ గోతాలు ఇంటికి తెచ్చేవారు, పెద్దమ్మ కొంగు ముక్కుకి అడ్డంగా కట్టుకుని ఒక్కోదాన్నీ తిరగేసి కర్రతో కొట్టి దులిపేది. కుట్ల దగ్గర ఇరుక్కున్నది కూడా గోరుతో గీకేది. అలా రాలిన పొడిని జల్లించి డబ్బాలో దాచేవారు, బావిగట్టు బీటలకీ, తులసికోటకీ, ఇరుగుపొరుగు అడిగితే ఓ గ్లాసుడు అప్పుకీ. అవును, మా వీధిలో పంచదార అప్పిచ్చుకున్నట్టే సిమెంటు కూడా అప్పిచ్చుకునేవారు.

సెలవుల్లో నన్నూ అన్నయ్యల్నీ సైటుకి తీసుకెళ్లేవాడు. పని నేర్పడానికి కాదు, ఇంట్లో అల్లరి తగ్గుతుందని. నాకు ఇష్టమైన చోటు గోదావరి గట్టు పక్క ఇటుకబట్టీ. బట్టీ ఓనరు మంచినీళ్లు, సోడా, కుర్చీ, అన్నీ సిద్ధంగా పెట్టేవాడు, పెదనాన్న వాటిని చూడకుండా తిన్నగా కుప్ప దగ్గరికి పోయి, పైవి వదిలేసి, లోపల్నించి రెండు ఇటుకలు లాగేవాడు. ఒకదాంతో ఒకటి కొడితే ఖంగుమనాలి. తర్వాత గోరు పెట్టి గీసేవాడు, గీత పడకూడదు. తర్వాత నడుం ఎత్తునుంచి ఓ ఇటుక నేల మీద వదిలేవాడు, ఆ ఒక్క క్షణం ఓనరు మొహం చూడాలి. ఇంకా అనుమానముంటే రెండు ఇటుకలు తూకం వేయించి, ఇంటికి తెచ్చి రాత్రంతా తొట్టిలో పడేసి, మర్నాడు మళ్లీ తూయించేవాడు. అయిదో వంతు కంటే ఎక్కువ నీళ్లు తాగితే ఆ లోడు వెనక్కి. "తాగుబోతు ఇటుక" అనేవాడు దాన్ని.

ఇక స్లాబు రోజు. స్లాబంటే మా ఇంట్లో పెళ్లికంటే ఎక్కువ, నిజంగానే. చీకటితోనే పెట్రోమాక్స్ లైట్లు వెలిగేవి, స్లాబుకి ఆసరాగా నిలబెట్టే, సర్వీ కర్రల అడవిలా ఉండే సెంట్రింగ్ కిందకి పెదనాన్న ఒక్కడే దూరి ప్రతి కర్రా కాలితో తన్ని చూసి వచ్చేవాడు. కొబ్బరికాయ కొట్టాక మిక్సర్ మొదలు. ఒక పాలు సిమెంటుకి రెండు ఇసుక, నాలుగు కంకర. కింద నుంచి పైదాకా తట్టలు చేతులు మారుతూ వెళ్తుంటే ఆడవాళ్లు ఏదో పాట ఎత్తుకునేవారు, మొగుళ్ల మీదా మేస్త్రీల మీదా అప్పటికప్పుడు కట్టినవి, మా ముందు పాడకూడనివే ఎక్కువ. కాంక్రీటులో నీళ్లు ఎక్కువైతే పోయడం సులువు, పని తొందరగా అయిపోతుంది, బలం మాత్రం పోతుంది. అందుకని మిక్సర్ దగ్గర నీళ్లు పోసేవాడి పక్కనే కుర్చీ వేసుకునేవాడు. ఒక్క డబ్బా ఎక్కువైతే చాలు, "పప్పుచారులా చేశావేంట్రా, నీ ఇంటికి పట్టుకెళ్లి అన్నంలో కలుపుకో!"

బాబాయి నిశ్చితార్థం రోజునే ఓ స్కూలు బిల్డింగు స్లాబు పడింది. తేదీ మార్చమంటే మార్చలేదు, సిమెంటు అప్పుడే వచ్చింది మరి. "మధ్యాహ్నానికి అయిపోతుంది, తిన్నగా వచ్చేస్తా" అన్నాడు. పదకొండింటికి మిక్సర్ ఆగిపోయింది. మెకానిక్ దొరకలేదు. స్లాబు సగంలో ఆపితే పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకు మిగిలిపోతుంది, ప్రతి వానకీ అక్కడే కారుతుంది. ఇనప రేకుల మీద చేత్తో కలపడం మొదలుపెట్టించాడు. మనుషులు చాలలేదు. నిశ్చితార్థానికి కొత్త బట్టలేసుకుని కూర్చున్న మా అన్నయ్యలిద్దరినీ, చివరికి పెళ్లికొడుకునీ కూడా కబురు పెట్టి పిలిపించాడు! పెళ్లికూతురు తరఫువాళ్లు మా ఇంట్లో కాఫీలు తాగుతూ గడియారం చూసుకుంటున్నారు. చీకటి పడ్డాక అందరూ వచ్చారు, పెదనాన్న పట్టుపంచె మోకాలి దాకా సిమెంటుతో బిగుసుకుపోయి నడుస్తుంటే చప్పుడు చేస్తోంది. పెద్దాయన ఎవరో "ముహూర్తం దాటిపోయిందండీ" అంటే, "స్లాబు మధ్యలో ఆగదు బావగారూ, ముహూర్తం సంగతి పంతులుగారు ఏదో ఒకటి చూస్తారు" అన్నాడు. ఆ పెళ్లి జరిగింది. ఆ పిన్నే ఈ పిన్ని. ఆవిడ గుర్రు ఎక్కడ మొదలైందో ఇప్పుడర్థమయ్యుంటుంది.

ఆయన నవ్వని కబుర్లు కొన్ని ఉన్నాయి. 1977 నవంబరు 19 తుపాను తర్వాత దివిసీమలో పని దొరికింది, ఓ బడి కట్టడం. మా ముఠాలో చాలామంది రామన్నారు, అక్కడి సంగతులు విని భయపడ్డారు. ఉప్పెన ఊళ్లకి ఊళ్లనే ఊడ్చేసింది, పోయినవాళ్లు వేలల్లో. వచ్చినవాళ్లతోనే వెళ్లి నెలల తరబడి పాకలో ఉన్నాడు. అక్కడ దగ్గర్లో దొరికే ఇసుక నోట్లో వేసుకుని ఉమ్మేశాడట. ఉప్పు. ఉప్పు ఇసుకతో కాంక్రీటు పోస్తే లోపల రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. ఎగువ నుంచి కృష్ణ ఇసుక లారీల్లో తెప్పించాడు, ఎస్టిమేట్లో లేని ఖర్చు, ఎవరూ ఇవ్వలేదు. ఆ తర్వాత ఎక్కడ పనైనా చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకోవడం అలవాటైపోయింది. గోదావరి మధ్యలోంచి తీసిన ఇసుక కూడా.

అక్కడేం చూశాడో ఇంట్లో చెప్పలేదు. కానీ అప్పట్నుంచి కోనసీమ వైపు ఎవరు ఇల్లు కట్టుకుంటామన్నా, డబ్బు లేదు పెంకులు వేస్తామన్నా, "మిగతా ఇల్లు నీ ఇష్టం, ఒక్క గదికి స్లాబు వెయ్యి" అని పట్టుబట్టేవాడు. వేయలేనివాళ్లకి తన సెంట్రింగ్ సామాను అద్దె లేకుండా ఇచ్చేవాడు. అద్దె లేకుండా ఇచ్చినా పుస్తకంలో రాయించేవాడనుకోండి.

మా నాన్న గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. నాన్నకి పెళ్లికి ముందు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, గుమాస్తాగా, ఆర్డరు కాగితం ఇంటికొచ్చింది. పెదనాన్న దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "లెక్కలెవరు చూస్తార్రా?" అన్నాడు. అంతే. నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ ఎత్తేది, జీవితాంతం ఎత్తింది, పెన్షన్ వచ్చే చుట్టాలింటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ. నాన్నకి పెదనాన్న ఇచ్చింది తక్కువేం కాదు, మా చదువులు, అక్క పెళ్లి, అన్నీ ఆ పుస్తకంలోంచే నడిచాయి, వాటాకి వచ్చేసరికి పైసా తేడా రాలేదు. కానీ ఆ కాగితం మీద నిర్ణయం నాన్నది కాదు. నాన్న లెక్కలు రాసిన చిట్టాల్లో కొట్టివేత ఒక్కటీ ఉండదు, అంత శ్రద్ధగా రాసేవాడు. ఆ అక్షరాలు చూసినప్పుడల్లా నాకు పెదనాన్న జేబే గుర్తొస్తుంది.

తర్వాత్తర్వాత పని తీరు మారింది. టెండర్లలో కొత్తవాళ్లు వచ్చి ఎస్టిమేటు మీద ఇరవై, పాతిక శాతం లెస్‌కి కోట్ చేసేవారు. "లెస్ ఎక్కడ్నించి వస్తుంది? సిమెంటులోంచే" అనేవాడు పెదనాన్న. ఓ పెద్ద పని ఆఖరి బిల్లు ఏళ్ల తరబడి రాలేదు, చేసిన పని కొలిచి రాసే ఎం-బుక్‌లో కొలతలన్నీ ఎక్కినా ఏదో ఒక కొర్రీ. ఆ బిల్లు రాకపోయినా శనివారం బట్వాడా ఆగలేదు. పెద్దమ్మ గాజులు ఎప్పుడు పోయాయో మాకు తెలియదు, ఓ పండక్కి చేతులకి మట్టిగాజులే కనిపించాయి. అన్నయ్య అపార్ట్‌మెంట్లు కడదామన్నాడు, స్థలం వాళ్లది, కట్టడం మనది, ఫ్లాట్లు చెరి సగం. "ఇంటివాడెవడో తెలియకుండా ఇల్లెలా కడతార్రా?" అని ఆయన వాదన. ఇద్దరూ ఏడాది పాటు మాట్లాడుకోలేదు. అన్నయ్య కట్టాడు, బాగానే సంపాదించాడు, బాగానే కట్టాడు కూడా. పెదనాన్న పిలవకపోయినా ఆ సైటుకి వెళ్లి, ఓ మూల నిలబడి, తూకం గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూసుకుని వచ్చేసేవాడని వాచ్‌మన్ చెప్పాడు.

చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. మా పేర్లు కలిపేసేవాడు, నన్ను మా అన్నయ్య అనుకుని తిట్టేవాడు. సాగర్‌లో తన ముఠా పేర్లు మాత్రం తండ్రి పేరుతో సహా వరసగా చెప్పుకుంటూ పోయేవాడు, మేం విన్నా వినకపోయినా. పెద్దకర్మ రోజు ఎక్కడెక్కడి నుంచో మేస్త్రీలు వచ్చారు, సగంమంది ఇప్పుడు వాళ్లే కాంట్రాక్టర్లు. ఒకాయన మా ఇంటి ముందు వేసిన షామియానా కర్ర చూసి, "వంకరగా పాతారు, ఆయనుంటే పీకించేవారు" అని, పీకి మళ్లీ పాతి మరీ భోజనానికి కూర్చున్నాడు.

పెద్దమ్మ ఇప్పుడు అన్నయ్య దగ్గరుంటోంది. అన్నయ్య ఇచ్చే డబ్బు నెలకోసారి తీసుకోదు, శనివారం శనివారం ఇమ్మంటుంది. పనమ్మాయికి కూడా ఆవిడే శనివారం ఇస్తుంది, రెండు పూటలు నాగా పెడితే రెండు పూటల డబ్బు కోసి మరీ. కోసేటప్పుడు "మీ అత్తకి కాలునొప్పి ఎలా ఉంది?" అని అడుగుతుందట. కిందటి వారం ఆ పిల్లకి ఒళ్లు మండి, "ఇదేమన్నా సైటా అమ్మగారూ!" అందట. వదిన ఫోన్లో చెప్పి నవ్వుతోంది. పెద్దమ్మ ఊరుకోలేదుట, పుస్తకం తెచ్చి చూపించిందట, ఎర్ర ఇంకుతో మూడొందలు అడ్వాన్సు.